హద్దురాయి కింది బొగ్గులు

బొగ్గులు మూటగట్టుకుని బస్సెక్కిన ఆడమనిషిని ఆ పొద్దున పొన్నూరులో జనం వింతగానే చూశారు. మూట ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న మదార్‌బీ చీర అప్పటికే మసయింది. "ఏం తల్లీ, మీ పుట్టింటి ఊళ్ళో బొగ్గులు కూడా కరువేనా?" అని కండక్టరు వేళాకోళం చేశాడు.

మదార్‌బీ నవ్వలేదు. "బొగ్గులు దొరుకుతయ్యి. మా పొయ్యిలోవి దొరకవు" అంది.

ఆమె చెప్పింది నిజమే. ఆ నల్లరేగడి ఊళ్ళల్లో పొలం పంచుకున్నప్పుడు హద్దురాయి కింద బొగ్గులు వేస్తారు. రాయిదేముంది, ఎవడైనా పీకి పక్కకు జరపొచ్చు. బొగ్గు కుళ్ళదు, చెద తినదు, వేసినచోటే పడి ఉంటుంది. అదీ బజార్లో కొన్న బొగ్గు పనికిరాదు. రెండువైపుల వాళ్ళూ ఎవరి పొయ్యిలోంచి వాళ్ళు తెచ్చుకోవాలి. రేపు తగువొచ్చి తవ్వితే, ఇది నీ పొయ్యిది, ఇది నా పొయ్యిది అని పదిమందిలో చూపించడానికి అన్నమాట. కోర్టు కాగితాల్లో ఈ ముక్క భూతద్దం పెట్టి వెతికినా కనిపించదు. అయినా పొలం కొలిచి అప్పగించడానికి కోర్టు అమీను వస్తున్నాడని తెలియగానే మదార్‌బీ చేసిన మొదటి పని, రాత్రి వంటయ్యాక పొయ్యిలోని సరుగుడు నిప్పుల మీద నీళ్ళు చల్లి బొగ్గులు ఏరుకోవడం.

పిచ్చిది, డిక్రీ చేతికొస్తే పొలం చేతికొచ్చినట్టేనని మూడేళ్ళ కిందట అనుకుంది. తండ్రి ఐదెకరాల్లో అన్న మీరావలికి రెండు, తమ్ముడు జాన్ బాషాకి రెండు, తనకు ఒకటి అని మునసబు కోర్టు చెప్పిన రోజు ఊరంతా చక్కెర పంచింది. అది తొలి డిక్రీయేనట. తర్వాత కమిషనరు రావాలి, గొలుసుతో కొలవాలి, ప్లాను గీయాలి. ప్లాను మీద అభ్యంతరాలు వినాలి. ఆ పైన తుది డిక్రీ. ఆ డిక్రీని స్టాంపు కాగితం మీద ఎక్కించాలి, ఆ కాగితాలు ఎవరి వాటాకి తగ్గట్టు వాళ్ళు తెచ్చుకోవాలి. అన్నదమ్ములు తేలేదు. అదో ఏడాది. ఇవన్నీ అయ్యాక పొలం దఖలు పరచమని ఇంకో అర్జీ. ఇన్ని గుమ్మాలు ఎక్కి దిగేసరికి ఆమె మొగుడు మాబుకి దూదేకే విల్లు ఎత్తే ఓపిక పోయింది. పీచు ఊపిరితిత్తుల్లో పేరుకుపోయిందన్నాడు డాక్టరు. ఇక పత్తి దుమ్ములో కూర్చోకూడదట. మరి ఎక్కడ కూర్చోవాలో డాక్టరు చెప్పలేదు. ఆ ఎకరంలో మిరప వేసుకుని, అక్కడే గుడిసె వేసుకుని బతకాలని మదార్‌బీ లెక్క. గుడిసెకు తాటాకు కూడా బేరమాడి పెట్టుకుంది.

పొలం దగ్గరికి చేరేసరికి ఎండ మండిపోతోంది. ఏరువాక రోజులు దాటిపోతున్నా చినుకు లేదు. రేగడి నేల నెర్రెలిచ్చి, కాలు జారితే మడమ ఇరుక్కునేట్టుంది. కోర్టు అమీను గొడుగు కింద నిలబడి ప్లాను విప్పుకుంటున్నాడు. ఆయన పక్కన మదార్‌బీ వకీలు గుమాస్తా రాఘవులు. కొంచెం ఎడంగా ఊరి వెట్టివాడు మార్కు, భుజాన డప్పు, చేతిలో గునపం. అన్న మీరావలి తలగుడ్డ సర్దుకుంటూ నేల చూస్తున్నాడు. కోర్టుకెక్కిన దగ్గర్నుంచి చెల్లెలి మొహం చూసి మాట్లాడింది లేదు. వదిన కరీమున్ మాత్రం తేరిపార చూస్తోంది.

దారి పక్కనే, పొలం దక్షిణపు కొసన, ఎత్తుగా దిబ్బ ఉంది. దాని మీద ఒక తుమ్మచెట్టు. ఆ ఐదెకరాల్లో వానాకాలంలో కాలు ఆరేచోటు అదొక్కటే. మిరపకాయలు ఆరబోసినా, మనిషి పడుకున్నా అక్కడే. కింద రేగట్లో గుడిసె వేస్తే మొదటి వానకే గుంజలు ఒరుగుతాయి. మార్కు తాడు లాగి పట్టుకుంటే గీత సరిగ్గా దిబ్బ పాదం వెంబడే పోయింది. దిబ్బంతా మీరావలి వైపు. చదునంతా ఆమె వైపు.

"అయ్యా, ఆ దిబ్బలో రవ్వంత..." అంది మదార్‌బీ.

"ప్లానులో గీత ఇది తల్లీ. దాన్ని వంచడానికి నేనెవర్ని?" అన్నాడు అమీను. మంచివాడే, విసుక్కోలేదు.

"మరి కాయలు ఎక్కడ ఆరబోసుకోను? గుడిసె ఎక్కడేసుకోను?" ఈ మాట ఆమె అమీనుతో అన్నట్టే అంది గానీ, విసిరింది అన్న మీదికి.

కరీమున్ అందుకుంది. "కోర్టునే అడుగు. ఎకరం ఇప్పించినోళ్ళు దిబ్బ ఇప్పించలేకపోయారా? అన్నదమ్ముల్ని బోను ఎక్కించినప్పుడు తెలియలా, గుడిసె ఎక్కడెయ్యాల్నో?"

మదార్‌బీ ఒళ్ళు భగ్గుమంది. అమీను చూస్తున్నాడని బొగ్గుల మూట ముడి బిగించింది.

గుంట తవ్వడం అయింది. మార్కు పగిలిన కుండ అడుగు ఒకటి గుంటలో పెట్టాడు. మీరావలి గొంతుక్కూర్చుని తన బొగ్గులు వేశాడు. పత్తికట్టె బొగ్గులు, సన్నగా, పుల్లల్లా. మదార్‌బీ మూట విప్పి తనవి పోసింది. సరుగుడువి, లావుగా, మెరుస్తున్నాయి. మీరావలి వాటిని చేత్తో సర్దాడు. ఒక బొగ్గు కుండ అంచు బయట పడితే తీసి లోపల పెట్టాడు. చేతులు దులుపుకుని లేస్తూ, "ఆవిణ్ణి ఎండలో నిలబెట్టారేందిరా, ఆ తుమ్మ నీడకు పొమ్మనరాదూ" అన్నాడు మార్కుతో.

"నాదిగాని నీడ నాకెందుకు మార్కూ" అంది మదార్‌బీ, అన్నకు వినపడేట్టుగా.

మీరావలి దిబ్బ వైపు ఒకసారి చూశాడు. తర్వాత రాయి ఎత్తి గుంటలో నిలబెట్టి, మన్ను పోసి, కాలితో తొక్కాడు. డప్పు మోగింది. ఫలానా ఎకరం ఫలానా మదార్‌బీకి కోర్టువారి వల్ల దఖలు పడిందహో అని మార్కు నాలుగు దిక్కులా కేక పెట్టాడు. అమీను ఒక మట్టిపెడ్డ తీసి ఆమె చేతిలో పెట్టాడు. మూడేళ్ళు తిరిగింది ఆ పెడ్డ కోసం. పట్టుకుంటే చురుక్కుమంది, ఎండకి అంతగా కాలి ఉంది.

అయిదు రోజులు గడిచాయి. పొలం గట్టు పొత్తున్న రైతు పానకాలు తవుడు కొనుక్కోవడానికి పొన్నూరొచ్చి, ఊరి ఆడపడుచు కదా అని పలకరించడానికి మదార్‌బీ ఇంటికొచ్చాడు. మంచినీళ్ళు తాగాడు. మాబు దగ్గు ఎలా ఉందని అడిగాడు. లేచి గుమ్మం దాకా పోయి, మళ్ళీ వెనక్కొచ్చాడు.

"చెప్పకూడదనే అనుకున్నానమ్మాయ్. కడుపులో పెట్టుకోలేకపోతన్నా. నిన్న కాదు మొన్న, పొద్దుగూకేటప్పుడు, బండి తోలుకొస్తంటే చూశా. మీ అన్న ఒక్కడే ఉన్నాడు పొలంలో. హద్దురాయి పీకుతన్నాడు."

మదార్‌బీ చేతిలో చెంబు కింద పెట్టింది. "పీకి?"

"పీకి భుజానికెత్తుకున్నాడు. మళ్ళీ పాతే చప్పుడూ విన్నా. నన్ను చూసి తల తిప్పుకున్నాడు."

మంచం మీద నుంచి మాబు అడిగాడు. "ఎటు జరిపాడు పానకాలన్నా?"

"చీకటి పడుతుందయ్యా, ఎటో నాకు ఆనలా. అయినా ఎటు జరుపుతాడు, ఇటుగాక! తనవైపు జరుపుకునే వెర్రోడు ఎవడన్నా ఉంటాడా లోకంలో?"

అంతకన్నా చెప్పేదేముంది. మదార్‌బీ అప్పటికే చీర మార్చుకుంటోంది. మాబు దగ్గు ఆపుకుని, "ముందు ఒకసారి పోయి నీ కళ్ళతో చూసి రారాదూ" అన్నాడు.

"ఏం చూడాల? వాళ్ళ కాళ్ళ దగ్గరికి పోయి, ఏం అన్నా, నా పొలం ఎంత మింగావు అని అడగనా? ఉన్న ఎకరం ముక్కలో కూడా వేలు పెట్టాడంటే..." ఆమెకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. రెండూ ఒక్కసారే రావడంతో మాట పూర్తికాలేదు. నీడకు పొమ్మన్నాడే, ఆ నోటితోనే పొమ్మన్నాడే, అని పదే పదే అనుకుంది. ఆ ఒక్క మాటకి ఆ రాత్రి మెత్తబడి, దిబ్బ సంగతి అన్నను మళ్ళీ మంచిగా అడిగి చూద్దామా అని ఆలోచించినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

వకీలు కోర్టులో ఉన్నాడు. గుమాస్తా రాఘవులు ఆమె చెప్పిందంతా విని ఎంతో సంబరపడ్డాడు. "మంచి పని చేశాడమ్మా మీ అన్న! ఇంకా దఖలు పరిచిన రిపోర్టు కోర్టులో రికార్డు కాలేదు. ఇప్పుడు పిటిషను పడితే అమీను మళ్ళీ రావలసిందే. ఈసారి సర్వేయరు కూడా. ఖర్చులు కూడా అతగాడే కట్టుకోవాలి." కాగితం తీసి బరబరా గీశాడు. రాసింది పైకి చదివాడు. ప్రతివాది దురుద్దేశముతో, దొంగచాటుగా, వాది భూమిని అపహరించు తలంపుతో...

"దొంగ అనే మాట ఉందా అందులో?" అని అడిగింది మదార్‌బీ.

"ఉందమ్మా."

"ఒక్కసారేనా?"

రాఘవులు నవ్వి, కింద ఇంకోచోట కూడా చేర్చాడు. ఆమె బొటనవేలు సిరా దిండు మీద నొక్కి, కాగితం మీద బలంగా అద్దింది. మూడేళ్ళలో ఎన్నో వేలిముద్రలు వేసింది గానీ, ఇంత ఇష్టంగా వేసింది ఇదే.

అమీను మళ్ళీ వచ్చేలోపు వాన పడింది. రెండు రోజులు ఏకధారగా కురిసి, నెర్రెలన్నీ పూడుకుపోయి, రేగడంతా ఉబ్బి నల్లటి పిండిముద్దయి కూర్చుంది. బండ్లు దారిలోనే ఆగిపోయాయి. కోర్టువాళ్ళు వచ్చారంటే ఊరు ఊరుకుంటుందా, ఈసారి జనం బాగా చేరారు. పానకాలు వచ్చాడు. తమ్ముడు జాన్ బాషా కూడా వచ్చాడు, అన్న భాగోతం చూద్దామని. దిబ్బలో తనకూ ఒక మూల కావాలంటే పంపకాలప్పుడు మీరావలి ప్లానులో లేదన్నాడని అతని మంట అతనిది.

పద్ధతి ప్రకారం అమీను పిటిషను పైకి చదివాడు. అక్కడే దారి మీద, అందరూ వింటుండగా. దురుద్దేశముతో అన్నప్పుడు మీరావలి కళ్ళెత్తాడు. దొంగచాటుగా అన్నప్పుడు అతని చేయి తలగుడ్డ మీదికి పోయి అక్కడే ఆగింది. రెండోసారి ఆ మాట వచ్చినప్పుడు జనంలో ఎవరో కిసుక్కున నవ్వారు. అతని చెవులు ఎర్రబడ్డాయి. మదార్‌బీ ఇదంతా కళ్ళార్పకుండా చూసింది. కడుపు చల్లబడింది ఆమెకి, ఉన్నమాట చెప్పుకోవాలి కదా.

"ఏమంటావయ్యా మీరావలీ?" అన్నాడు అమీను.

"చూసుకోండి" అన్నాడు మీరావలి. అంతే.

సర్వేయరు గొలుసు విప్పుతుంటే మదార్‌బీ ఆగలేక ముందుకు నడిచింది. అడుగుకొక శేరు బురద కాలికి పట్టుకుంటోంది. నిలబడి చూసుకోవడానికి చోటులేక, చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని, జారకుండా కాళ్ళే చూసుకుంటూ దిబ్బ మీదికి ఎక్కింది. కాళ్ళ కింద నేల గట్టిగా తగిలింది. అక్కడి నుంచి కిందికి, తన ఎకరంలోకి చూసింది. నల్లటి చదును, అక్కడక్కడా నీటి మడుగులు. ఎంత దూరం మింగాడో, ఎక్కడ పాతాడో చూద్దామని కళ్ళు చికిలించి ఆ చివరి నుంచి ఈ చివరికి వెతికింది. రాయి లేదు. ఎక్కడా లేదు.

"రాయేది మార్కూ? అసలు రాయే లేకుండా చేశాడా ఏంది?"

మార్కు కింద నిలబడి ఆమెనే చూస్తున్నాడు. అతని మొహం అదోలా ఉంది. "అటు కాదమ్మా. నీ ఎనకమాల" అన్నాడు.

వెనక్కి తిరిగింది. దిబ్బ నడిమధ్యన, తుమ్మచెట్టుకు రెండు బారల ఇవతల, రాయి నిలబడి ఉంది. వానకి కడిగినట్టుంది. దారి మీద నిలబడ్డవాళ్ళకు తుమ్మ అడ్డమైంది. చెట్టు అటు, ఆమె ఇటు. తను నిలబడ్డ సగం దిబ్బ తన వైపున ఉంది.

ఆమెకు మొదట అర్థం కాలేదు. కాదు, అర్థమైంది గానీ మనసు ఒప్పుకోలేదు. సర్వేయరు గొలుసు పరిచి, ప్లాను చూసుకుని, దిబ్బ పాదం దగ్గర మడమతో గీత గీసి ఇక్కడ తవ్వమన్నాడు. మార్కు గునపం వేశాడు. తడి రేగడి పెళ్ళలు పెళ్ళలుగా లేచింది. మోచెయ్యి లోతు పోయాక కుండ పెంకు తగిలి ఠంగుమంది. మార్కు చేయి పెట్టి తీశాడు. సన్నటి పత్తికట్టె బొగ్గులూ, లావాటి సరుగుడు బొగ్గులూ, ఒక్క ముద్దగా, తడిసి, నల్లగా నిగనిగలాడుతూ పైకొచ్చాయి.

ఎవరూ నవ్వలేదు. పానకాలు, "ఓరి నాయనో" అని నోటికి తుండుగుడ్డ అడ్డం పెట్టుకున్నాడు.

కరీమున్ బురదలో నడిచి మొగుడి దగ్గరికొచ్చింది. "ఎప్పుడు చేశావీ పని? నాతో ఒక్కమాట చెప్పకుండా? సగం దిబ్బ ఇచ్చేస్తివా? నన్ను ఎంగిలాకు కన్నా కనాకష్టం చేశావు గదయ్యా!" అంది. మీరావలి ఆమె వైపు చూడలేదు. చెల్లెలి వైపూ చూడలేదు.

అమీను గొడుగు ముడిచాడు. గొంతు తగ్గించి మాట్లాడాడు. "చూడు మీరావలీ. ఇది తగువు లాగా లేదు. నా ఇష్టంతోనే నా చెల్లెలికి ఇంత జరిపానని ఒక్క ముక్క చెప్పు. రాసుకుంటాను. ఇద్దరూ వేలిముద్రలు వేయండి. కోర్టువారు కాదనరు. రాయి ఎక్కడుందో అక్కడే ఉంటుంది, మా దారిన మేం పోతాం."

"అదెట్టా కుదురుద్దండీ?" అని జాన్ బాషా ముందుకొచ్చాడు. "నేనడిగితే ప్లానులో లేదన్నాడు."

"నీ హద్దు జోలికి ఎవరూ రాలేదు, నువ్వుండవయ్యా" అని అమీను కసిరాడు. "చెప్పు మీరావలీ."

మదార్‌బీ కళ్ళలో మాబు మెదిలాడు, దగ్గుతూ. అప్పుడే వేసినట్టు గుడిసె కూడా కనిపించింది, ఈ రాయికి ఇవతల, ఈ గట్టినేల మీద. ఏళ్ళ తరబడి పిలవని పిలుపు గొంతులోంచి ఊడబెరుక్కుని బయటికి తెచ్చుకుంది. "అన్నా! నాకు తెలియలేదన్నా. ఒక్క మాట చెప్పన్నా."

మీరావలి నింపాదిగా దిబ్బ ఎక్కాడు. ఆమె పక్కనుంచే పోయాడు, బురద వాసన తగిలేంత దగ్గరగా. రాయి ముందు నిలబడి తలగుడ్డ విప్పి, భుజం మీద మడత పెట్టుకున్నాడు.

"కాగితంలో దొంగ అని ఉంది గదండీ" అన్నాడు అమీనుతో. గొంతు గట్టిగా లేదు, కోపంగా కూడా లేదు. "రెండుసార్లు ఉంది. దొంగ ఇచ్చింది ఆవిడకెందుకు? మీ గీత ఎక్కడుందో అక్కడే పెడతా."

"అట్టా అనమాక అన్నా. నీ కాళ్ళు పట్టుకుంటా..."

అతను రాయిని రెండు చేతులా పట్టి అటూ ఇటూ ఊపాడు. ఈమధ్య పాతిందే కదా, తేలిగ్గానే ఊడొచ్చింది. భుజానికెత్తుకున్నాడు. దిబ్బ అంచున కాలు జారితే మార్కు పట్టుకోబోయాడు. వద్దన్నట్టు తల ఊపి, ఒక్కడే మోసుకుంటూ దిబ్బ దిగాడు.

గుంట దగ్గర మార్కు బొగ్గులు చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. "కొత్తవి తెచ్చారా అమ్మా? పాతవేనా?" అని అడిగాడు. మదార్‌బీ రాయినే చూస్తోంది. అతనే పాతవి మళ్ళీ పెంకులో వేశాడు. మీరావలి ఈసారి కూర్చుని సర్దలేదు. ఒకటి రెండు బయట పడ్డాయి, పడితే పడ్డాయి. వాటి మీదే రాయి దించి, మన్ను తోసి, తొక్కాడు.

రాఘవులు సిరా దిండు పట్టుకుని, జారుతూ పడుతూ, మదార్‌బీ దగ్గరికొచ్చాడు. మొహమంతా వెలిగిపోతోంది. "ఇక్కడ వెయ్యమ్మా. మనం కోరినట్టే రాయిని గీత మీద పెట్టించారు. పిటిషను మనకు అనుకూలమైపోయింది!" ఆమె వేలు అతనే పట్టుకుని అద్దాడు. ఎక్కడ అద్దాడో ఆమె చూడలేదు.

మార్కు డప్పు తీసుకున్నాడు. నాలుగు దిక్కులా కొట్టి చెప్పాలి, హద్దు సరిచెయ్యడమైందని. కొట్టబోతూ ఆగి, అమీను వైపు చూశాడు. అమీను మదార్‌బీ వైపు చూసి కొంచెం మొహమాటపడ్డాడు.

"కాస్త దిగి నిలబడతావా తల్లీ? డప్పు వేసేటప్పుడు నువ్వు నీ పొలంలో ఉండాలి" అన్నాడు.

మదార్‌బీ కాళ్ళ వైపు చూసుకుంది. పొడినేల. చిన్నప్పుడు అన్న ఇక్కడే కాయలు తిరగేస్తుంటే, తను తుమ్మ నీడలో కూర్చుని కాకుల్ని తోలేది. చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని దిబ్బ అంచుదాకా వచ్చింది. కొత్తగా పాతిన రాయిని దాటి, కిందికి అడుగు వేసింది. పిక్క దాకా దిగబడింది.

డప్పు మోగింది.